పేర్లు కప్పే మసక్క

ఆవిడ అసలు పేరు ఆ ఆఫీసులో సగంమందికి తెలియదు. మసక్క అంటేనే తెలుసు. రోజంతా నల్ల మార్కర్ పట్టుకుని కాగితాల మీద గీతలు కొడుతూ కూర్చుంటుంది కాబట్టి ఎవరో మసి అక్క అన్నారు. అది నోళ్లలో నలిగి మసక్క అయింది. ఆవిడకేం కోపం లేదు. "ఊళ్లోవాళ్ల పేర్లన్నీ కప్పేస్తుంటాను, నాదొక్కటి మిగలాలా ఏంటర్రా" అనేది.

అడవుల్నీ, నీళ్లనీ, వాటిలో బతికే జీవాల్నీ కాపాడతామని వచ్చేవాళ్లకి గ్రాంట్లిచ్చే ఆఫీసు అది. గ్రాంటు కావాలంటే అప్లికేషన్ పెట్టుకోవాలి. పెట్టుకునేవాళ్లు ఊరుకుంటారా! గద్దల గూళ్ల గురించి రాయమంటే తమ బీపీ గురించి రాస్తారు. తాబేళ్ల లెక్క చెప్పమంటే పెళ్లాం వదిలేసి వెళ్లిన సంగతి చెబుతారు. ఫోన్ నంబరు, ఇంటి అడ్రసు, పిల్లల స్కూలు, పక్కింటివాళ్లతో తగాదా, అన్నీ అందులోనే. ఎవరికి గ్రాంటు ఇవ్వాలో తేల్చే కమిటీ వాళ్లకి మాత్రం ఇవేవీ తెలియకూడదు. మనిషెవరో తెలిస్తే మొహమాటం వస్తుంది, మొహమాటం వస్తే న్యాయం పోతుంది. అందుకని మనిషి ఆనవాలు చెప్పే ప్రతి ముక్కనీ మసక్క నల్లగా కప్పేసి, జిరాక్స్ తీసి, పైన ఒక నంబరు వేసి కమిటీకి పంపేది. అసలు కాగితాలు తాళం వేసిన బీరువాలోకి పోయేవి.

ఈ పనిలో ఆవిడకో పద్ధతి ఉండేది. అప్లికేషన్ని వెనక పేజీ నుంచి మొదలుపెట్టేది. మొదటి పేజీలో పేరుంటుంది. పేరు ముందే చూస్తే మిగతాదంతా ఆ మనిషి మొహం పెట్టుకుని కనబడుతుందట. పేరు తెలియకుండా చదివితే ఎవరి రోగమో, ఎవరి అప్పో, గీత కొట్టేస్తే మనసుకి అంటదు. కొత్తగా చేరినవాళ్లకి కూడా అదే నేర్పేది. "వెనక నుంచి రండి. పేరు చిట్టచివర. అది కనిపించగానే కప్పేసి మర్చిపోండి" అని. ఎంత తెలివైన పద్ధతి! ఆ తెలివే ఆవిడ కొంప ముంచింది.

ఇంత గుట్టుమనిషి ఎలా అయిందో చెప్పుకోవాలి. పుట్టుకతో కాదు. చిన్నప్పుడు ఆవిడ నోరు ఆగేది కాదు. ఒక్కడే తమ్ముడు. వాడు చదువు అయ్యాక నాన్న వాళ్లనీ వీళ్లనీ పట్టుకుని ఒక రంగుల ఫ్యాక్టరీ ఆఫీసులో ఉద్యోగం వేయించాడు. వాడు పొద్దున్నే క్యారేజీ పట్టుకుని బయల్దేరేవాడు, సాయంత్రం వచ్చేవాడు. ఒకరోజు అక్క చెవిలో చెప్పాడు. ఉద్యోగం మానేసి చాలా రోజులైందని, రోజూ ఊరి బయట మడుగుల దగ్గరికి పోయి రెల్లుగడ్డిలో కూర్చుని నీటి జీవాల్ని చూస్తున్నానని, బతికితే ఆ పనే చేసి బతుకుతానని. "నాన్నకి నేనే నెమ్మదిగా చెప్పుకుంటా. నువ్వు మాత్రం నోరు మెదపకే అక్కా" అని చేతిలో చెయ్యి వేయించుకున్నాడు.

ఆవిడ నాలుగు రోజులు కూడా ఆగలేకపోయింది. వాడి మంచికే అనుకుంది. నాన్న అర్థం చేసుకుంటాడనుకుంది. నాన్న అర్థం చేసుకోలేదు, క్యారేజీ గిన్నె తీసి వీధిలోకి విసిరికొట్టాడు. వాడు గుమ్మం దిగుతూ నాన్నని ఒక్క మాట అనలేదు. అక్క వైపు తిరిగి, "నీ నోట్లో నువ్వుగింజ నానదే. ఇక నీకు నా సంగతి ఏదీ చెప్పను" అన్నాడు. అంతే. నాన్న పోయినప్పుడు వచ్చాడు, చెయ్యాల్సింది చేశాడు, వెళ్లిపోయాడు. అక్క ఎదురుపడితే తల దించుకుని పక్కకి తప్పుకున్నాడు. ఎవరో అన్నారు, ఎక్కడో దూరంగా మడుగు ఒడ్డున ఇల్లు కట్టుకున్నాడని, పెళ్లి చేసుకున్నాడని. అక్కకి పిలుపు రాలేదు.

ఆ మాట ఆవిడ గుండెలో దిగిపోయింది. ఆ తర్వాత ఎవరే రహస్యం చెప్పినా నూతిలో రాయి పడ్డట్టే. కట్టుకున్నవాడు కూడా "నీ కడుపులో ఏముందో స్కానింగు తీసినా కనబడదు" అని నవ్వేవాడు. ఈ ఉద్యోగం దొరికినప్పుడు నా కోసమే పుట్టిన ఉద్యోగం ఇది అనుకుంది. పేరు తెచ్చుకుంది. ఆఫీసులో గుట్టు విషయాలన్నిటికీ పైన ఒక పెద్దాయన ఉండేవాడు. బీరువాల తాళాలు ఆయన దగ్గరే ఉంటాయి కాబట్టి ఆయన్ని తాళాలాయన అనేవాళ్లు. ఆయన సెలవు పెడితే తాళాలు మసక్క చేతికి వచ్చేవి. అంత నమ్మకం.

ఆ ఏడాది అప్లికేషన్లు కుప్పలుగా వచ్చాయి. ఒకరోజు మధ్యాహ్నం టీ తాగి వచ్చి ఒక అప్లికేషన్ తీసింది. నీటికుక్కల గురించి. మడుగు గట్టున అవి బొరియల్లో పిల్లల్ని పెడతాయి, వలల్లో చిక్కుకుని చస్తున్నాయి, కాపలాకీ మందులకీ డబ్బు కావాలి. ఎప్పట్లాగే వెనక పేజీ నుంచి మొదలెట్టింది. అక్కడ ఒక ప్రశ్న ఉంటుంది, మీరు చెయ్యలేని పరిస్థితి వస్తే ఈ పని ఎవరు కొనసాగిస్తారు అని. దాని కింద ఇలా రాసి ఉంది:

"నాకు ఎక్కువ కాలం లేదని డాక్టర్లు చెప్పేశారు. లివరు పాడైపోయింది. నా భార్యకి ఈ పనంతా తెలుసు, తను చూసుకుంటుంది. అందుకే తొందరగా తేల్చమని అడుగుతున్నాను. నా పుట్టింటివాళ్లకి ఈ సంగతి తెలియదు. దయచేసి తెలియనివ్వకండి."

"అయ్యో పాపం, ఎవరి బిడ్డో" అనుకుంది మసక్క. మగాడు పుట్టిల్లు అని రాయడమేంటని నవ్వు కూడా వచ్చింది. రోగం మాటలన్నీ కప్పింది. భార్య మాట కప్పింది. పేజీ తర్వాత పేజీ ముందుకి వస్తూ ఫోన్ నంబరు కప్పింది, మడుగు పేరు కప్పింది. చివరికి మొదటి పేజీ వచ్చింది. పేరు. ఇంటిపేరు. తండ్రి పేరు. అది తన తండ్రి పేరు.

మార్కర్ చేతిలో అలాగే ఉండిపోయింది. కాగితం మీద ఒకచోట ఆని, ఇంకు పీల్చుకుని నల్లటి మచ్చ పెద్దదైంది. పక్క టేబులావిడ "ఏమైంది మసక్కా, కళ్లు తిరిగాయా?" అంటే, "అవునమ్మా, కొంచెం" అంది. లేచి వెళ్లి బాత్రూంలో కుళాయి తిప్పుకుని, ఆ నీళ్ల చప్పుడులో ఏడ్చింది.

ఎవరికి చెప్పుకోవాలి? ఉద్యోగంలో చేరిన రోజు సంతకం పెట్టింది, ఇక్కడ చదివింది ఏదీ ఈ గుమ్మం దాటనివ్వనని. పైగా వాడే స్వయంగా రాశాడు, తెలియనివ్వకండి అని. అక్కని ఉద్దేశించే రాశాడని ఆవిడకి తెలియదా! ఇప్పుడు ఎగేసుకుని బస్సెక్కి పోతే వాడేమంటాడు? మళ్లీ అదే నోరు, మళ్లీ అదే నువ్వుగింజ. చచ్చేవాడి గుట్టు కూడా దాచలేని అక్క అంటాడు. పోకపోతే వాడు పోతాడు. అడకత్తెరలో పోకచెక్క అంటారే, ఆవిడ బతుకు అలా అయింది.

ఆవిడ పద్ధతైన మనిషి కదా, పద్ధతిగానే పోయింది. తాళాలాయన గదిలోకెళ్లి, "ఈ అప్లికేషన్ నేను ముట్టకూడదండి. మా తమ్ముడిది. పేరు చూడకముందే అంతా చదివేశాను. వాడికి ఎక్కువ రోజులు లేవట, వెళ్లి చూడొచ్చా?" అంది.

ఆయన మంచివాడే. కళ్లజోడు తీసి పక్కన పెట్టాడు. "కూర్చోండమ్మా. మీరు అతని దగ్గరికి వెళ్లాలంటే ఒకటే దారి. మనం అతనికి ఉత్తరం రాస్తాం. మా సిబ్బందిలో మీ బంధువు ఒకరికి మీ సంగతి అనుకోకుండా తెలిసింది, ఆ మనిషి మిమ్మల్ని కలవొచ్చా, అవునో కాదో రాయండి అని. అతను అవునంటే మీరు నిక్షేపంగా వెళ్లొచ్చు" అన్నాడు.

"ఫోన్ చేసి అడిగితే?"

"ఫోన్‌లో ఒప్పుకున్నట్టు రుజువేం ఉంటుందమ్మా? పోయినేడు అలాగే కమిటీలో ఒకాయన అప్లికేషన్ పెట్టినవాళ్లతో ఫోన్‌లో మాట్లాడాడని తెలిసి కొంగల వాళ్ల అప్లికేషన్ మొత్తం కొట్టేశారు కదా. మీ తమ్ముడి అప్లికేషన్ పోగొట్టుకుంటారా?"

చచ్చిపోతూ వాడు అడిగింది ఆ ఒక్కటే కదా. అది కూడా తన వల్లే పోతే!

ఉత్తరం వెళ్లింది. జవాబులన్నీ గోడకి బిగించిన ఒక ఇనప డబ్బాలో పడతాయి. సందులోంచి వెయ్యడమే గాని తియ్యడానికి తాళం కావాలి. సరిగ్గా అప్పుడే, గోరుచుట్టు మీద రోకటిపోటులాగా, తాళాలాయనకి మోకాలి ఆపరేషన్ డేటు వచ్చింది. తాళాలు తీసుకొచ్చి మామూలుగానే మసక్క చేతిలో పెట్టాడు. "మా తమ్ముడి జవాబు కూడా అందులోనే పడుతుందండీ" అంది ఆవిడ.

"మిగతావి మీరే తియ్యాలి కదమ్మా. కవరు మీద నంబరుంటుంది. మీ వాడి కవరు కనబడితే ముట్టుకోకుండా అలాగే వదిలెయ్యండి. నేనొచ్చి తెరుస్తాను. వారంలో వచ్చేస్తాగా" అన్నాడాయన. మోకాలి ఆపరేషన్ చేయించుకునేవాడు వారంలో వస్తానంటే నమ్మడానికి మనిషికి ఎంత ఆశ ఉండాలి!

మసక్క రోజూ డబ్బా తెరిచేది. ఒక ఉదయం కనబడింది. నీలం కవరు, మూలన నంబరు. మిగతా కవర్లు తీసుకుని, దాన్ని అక్కడే ఉంచి, తాళం వేసింది. ఆ తాళంచెవి హ్యాండ్‌బ్యాగులో వేసుకుని ఇంటికెళ్లింది. మర్నాడు మళ్లీ తెరిచింది. కవరు అక్కడే ఉంది. ఎక్కడికి పోతుంది?

తెరవకపోవడానికి రూలే కారణం అంటే సగమే నిజం. మిగతా సగం భయం. అందులో కాదు అని రాసుంటే? వాడు రెండోసారి ఛీ కొట్టడం కాగితం మీద చూడాల్సి వస్తే? తెరవనంతసేపూ అవును అని ఉండొచ్చు కదా. పిచ్చిది, ఆ ఆశని అంటిపెట్టుకుని కూర్చుంది.

తాళాలాయనకి ఫోన్ చేసింది. మోకాలు వాచిందట, ఇంకొన్నాళ్లు మంచం దిగొద్దన్నారట. "మీ ఇంటికి తెచ్చేదా సార్? లేకపోతే ఇంకెవరైనా తెరవొచ్చా?" అంటే, "కవరు ఆఫీసు దాటకూడదమ్మా. నేను లేకపోతే పెద్దసారు ఒక్కరే తెరవాలి, ఆయనేమో కమిటీలో ఉన్నాడు. పేరు చూశాడంటే అప్లికేషన్ పోయినట్టే. కాస్త ఓపిక పట్టండమ్మా" అన్నాడు. అయినా ఉండబట్టలేక పెద్దసారు దగ్గరికి కూడా వెళ్లింది. ఆయన రెండు చేతులూ అడ్డం పెట్టేశాడు. "చెప్పకండి మసక్కా, ఎవరిదో చెప్పకండి. నేను వింటే మీవాళ్లకే నష్టం" అన్నాడు. అందరూ మంచివాళ్లే. అందరూ రూలు ప్రకారమే మాట్లాడారు. మంచివాళ్లంతా కలిసి ఒక మనిషి గొంతు నులమగలరని ఆవిడకి అప్పుడు తెలిసింది.

ఇంట్లో అన్నం ముందు కూర్చుని కెలుకుతుంటే భర్త, "ఏమిటే, ఎవరైనా ఏమైనా అన్నారా? నాకు చెప్పకూడనిదా?" అని అడిగాడు. "చెప్పకూడనిదే" అంది. ఆయన ఇంక గుచ్చలేదు. కంచంలో నీళ్లు కలిపి లేచిపోతుంటే, వెనకాలే వచ్చి మంచినీళ్ల గ్లాసు చేతికిచ్చాడు.

ఒక ఆదివారం సంచీలో రెండు చీరలు పెట్టుకుని బస్టాండుకి వెళ్లింది. ఆ అప్లికేషన్లో తను కప్పిన మడుగు పేరు ఆవిడకి కంఠతా వచ్చేసింది. అటు వెళ్లే బస్సు వచ్చి ఆగింది. ఎక్కేవాళ్లు ఎక్కారు. కండక్టరు "అమ్మా, వస్తారా?" అని కూడా అడిగాడు. దయచేసి తెలియనివ్వకండి అన్న వాక్యం కళ్ల ముందు కదిలింది. తల అడ్డంగా ఊపింది. బస్సు వెళ్లిపోయింది. ఆవిడ అక్కడే బెంచీ మీద కూర్చుని, ఇంకో రెండు బస్సులు వెళ్లేదాకా చూసి, ఇంటికి వచ్చేసింది. ఎక్కేసి ఉంటే ఏం పోయేదమ్మా తల్లీ!

తాళాలాయన చంకలో కర్ర పెట్టుకుని వచ్చేసరికి చలి మొదలైంది. వచ్చిన ఉదయమే, కుర్చీలో కూడా కూర్చోకుండా, ముందు డబ్బా తెరిపించాడు. నీలం కవరు చించాడు. చదివాడు. చదివి, కాగితం ఆవిడ వైపు తిప్పాడు.

అవును అన్నచోట గట్టిగా టిక్కు పెట్టి ఉంది. ఆ కింద, ఖాళీ లేకపోయినా ఇరికించి రాశాడు: "ఆ బంధువు మా అక్క అయితే రమ్మనండి. ఇంకెవరైనా అయితే వద్దు. అక్క అయితే బస్టాపు దాకా నేనే ఎదురొస్తాను."

మసక్క అక్కడే, అందరి ముందూ, నోరు తెరిచి బావురుమంది. ఇన్నేళ్లలో ఆ ఆఫీసువాళ్లు ఆవిడ గొంతు అంత పెద్దగా వినలేదు. "వెళ్లండమ్మా, ఇప్పుడే వెళ్లండి" అంటూ తాళాలాయన కర్ర కిందపడేసుకుని మరీ ఆటో కోసం కేకలేశాడు.

బస్సు దిగేసరికి మధ్యాహ్నం దాటింది. స్టాపులో ఎవరూ లేరు. ఉండరని తెలిసినా నాలుగు వైపులా చూసింది. మట్టిబాట పట్టుకుని నడిచింది. రెల్లు దాటాక రేకుల ఇల్లు. అరుగు మీద వలలు ఆరేసి ఉన్నాయి. వాకిట్లో ఒక సన్నటి మనిషి కూర్చుని తెగిన వలని కుడుతోంది. ఆమె తల ఎత్తి, మసక్క మొహాన్ని ఒక్క క్షణం చూసి, వల కింద పెట్టి లేచింది.

"వదినా?" అంది.

మసక్క ఇంట్లోకి చూసింది. గోడకి చేర్చి మంచం నిలబెట్టి ఉంది.

"పోయి పదకొండు రోజులైంది వదినా. మీకు చెప్పాలనుకున్నా, అడ్రసు తెలియలేదు. ఆ కాగితం మీద ఆఫీసు అడ్రసే ఉంది గాని మనిషి పేరు లేదు" అంది మరదలు.

మసక్క అరుగు మీద కూలబడింది. మరదలు పక్కనే కూర్చుంది, ఆ పిల్ల ఏడుపు అప్పటికే అయిపోయినట్టుంది. మెల్లగా తనే చెప్పుకొచ్చింది. ఆ ఉత్తరం వచ్చిన రోజు ఆయన ఎంత నవ్వాడో. "మా అక్క ఎంత మారిపోయిందే, నా దగ్గరికి రావడానికి నన్నే అడుగుతోంది" అని అందరికీ చూపించాడట. జవాబు తనే తీసుకెళ్లి పోస్టు చేశాడట, వద్దన్నా వినలేదట. ఆ మర్నాటి నుంచి పొద్దున్నే గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని బస్టాపుకి వెళ్లేవాడు. కాళ్లు సాగనప్పుడు వాకిట్లో కుర్చీ వేయించుకుని బాట వైపు తిరిగి కూర్చునేవాడు. లేవలేనప్పుడు మంచం గుమ్మానికి ఎదురుగా లాగించుకున్నాడు.

"నేనే అన్నాను వదినా, ఆఫీసుల సంగతి మీకు తెలీదా, కాగితం ఏ మూల పడిపోయిందో అని. ఆయన వింటేనా! మా అక్కకి ఆ కాగితం అందితే ఆగే మనిషి కాదే, ఆ రోజే బస్సెక్కుతుంది, అందలేదంతే అన్నాడు." మరదలు మసక్క చేతిని తన చేతిలోకి తీసుకుంది. "ఎప్పుడందింది వదినా మీకు?"

ఇన్నేళ్లూ ఎన్ని వేల గుట్లు దాచిందో ఆ మనిషి. ఆ ఒక్కటి దాచలేకపోయింది.

"వాడు పోస్టు చేసిన రెండో రోజుకే వచ్చిందమ్మా" అంది. "డబ్బాలో ఉంది. రోజూ చూశాను. తాళంచెవి నా దగ్గరే ఉంది."

మరదలి చెయ్యి కదల్లేదు.

"మరి తియ్యలేదేం?"

"నేను తీస్తే వాడి అప్లికేషన్ కొట్టేస్తారని. నీటికుక్కలకి డబ్బు రాదని. వాడు అడిగింది అదొక్కటే కదా అని..."

ఎదురుగా నీళ్లలో ఏదో మునిగి తేలింది, గట్టెక్కి ఒళ్లు విదిలించుకుని మళ్లీ నీళ్లలోకి జారిపోయింది. ఆ పిల్ల అటే చూస్తూ అంది, కోపంగా కాదు, ఉన్న మాట చెప్పినట్టు:

"అవెక్కడికి పోతాయి వదినా. ఈయనే కదా పోయేది."

మసక్క ఆ పిల్ల ఒళ్లో తల పెట్టుకుని ఏడ్చింది. మరదలు ఆపలేదు, ఊరుకోబెట్టలేదు. చీకటి పడుతుంటే లేచి లోపల దీపం వేసి, నిలబెట్టిన మంచాన్ని వాల్చి, వదినకి పక్క పరిచింది.